రెండో బ్యాటరీ తాలూకు బండి

కొండ మీది జీలుగుపుట్టులో మందుల బండి అంటే అందరికీ సొంత బండి అన్నంత అభిమానం. రోజూ ఎత్తుకున్న బిడ్డ మీద మమకారం ఎక్కువ ఉంటుందంటారు. అలాగే వారం వారం తోసిన బండి మీద కూడా ఉంటుంది.

నిజానికి అది తోయించుకోవాల్సిన బండి కాదు. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందుతుంది. చక్రాలు మనిషి నడుమెత్తు ఉంటాయి. గెడ్డ నీళ్ళలో దిగి, బండరాళ్ళెక్కి, బురద చిమ్ముకుంటూ కొండ మీదికి వచ్చేస్తుంది. సంచార ఆరోగ్య సంస్థ వాళ్ళు దానికి పూలదండ వేసి ప్రారంభించిన రోజున, ఇది ఆగే బండి కాదని మైకులో చెప్పారు. ఆ మాట నిజమే. ఎక్కడా ఆగదు. ఆగితే మాత్రం మళ్ళీ కదలదు.

తప్పు బండిది కాదు, దాని వెనక భాగంలో బిగించిన చిన్న ఫ్రిజ్‌ది. టీకా మందులు చల్లగా ఉండాలి కాబట్టి ఫ్రిజ్ పెట్టారు. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ దానికి లోటు లేదు. కొండ మీద ఇంజన్ ఆపగానే అది బండి బ్యాటరీ మీద పడి తాగడం మొదలుపెట్టేది. రోజంతా ఇంజన్ తిప్పుతూ కూర్చోవడానికి సంస్థ డీజిలు ఇవ్వదు. ఊళ్ళో తల్లులేమో పిల్లల్ని వీపున కట్టుకుని పోడు పొలాలకి పోతే పొద్దు వాలితే గాని దిగరు. వాళ్ళు దిగేసరికి బ్యాటరీ చచ్చేది, దాని వెనకే ఫ్రిజ్ చచ్చేది, దాని వెనకే మందు పాడయ్యేది. పూర్వం టీకాలు తెచ్చుకునే మంచు పెట్టె ఒకటి ఉండేది గానీ, ఫ్రిజ్ ఇచ్చిన రోజునే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఒకే మందుకి రెండు చల్లదనాలు ఎందుకన్నారు.

అందుకని డ్రైవరు పైడయ్య బండిని ఎప్పుడూ ఊరి చివర వాలులో, ముక్కు కిందికి పెట్టి ఆపేవాడు. సాయంత్రం డప్పు మోగేది. వంతుల ప్రకారం ఇళ్ళవాళ్ళు వచ్చి తోసేవారు. ఊరికి చుట్టాలెవరైనా వచ్చి ఉంటే మొదటి చెయ్యి వాళ్ళదే. పిల్లని చూసుకోవడానికి వచ్చిన కుర్రాళ్ళ చేత తప్పకుండా తోయించేవారు. బండి కదిలిందా, సంబంధం కదిలినట్టే. కిందటేడు ఒకడు కాలు జారి బురదలో పడితే, పిల్ల తండ్రి భోజనం పెట్టి మర్యాదగా పంపేశాడు.

ఈ తోపుడంతటికీ పెద్ద కొర్రా సుక్రి. ఆవిడ ఒళ్ళో ఎప్పుడూ బుద్రి అని తొమ్మిదో నెల పిల్ల ఉండేది. బండి తోసేటప్పుడు మాత్రం పిల్లని నర్సు మాణిక్యం చేతికిచ్చేది.

"సిస్టరమ్మా, నువ్వొచ్చేది మా పిల్లలకి సూది వెయ్యడానికి. ఇప్పటి దాకా నా పిల్లకి సూది పడలేదు గానీ నా నడుం పడిపోయింది," అంది సుక్రి ఒకనాటి సాయంత్రం. "ముందు నీ బండికే ఓ సూది వెయ్యరాదా?"

మాణిక్యం నవ్వలేదు. ఆమె నెమ్మదైన మనిషి, గట్టిగా మాట్లాడితే బీపీ మిషను రీడింగు తప్పుతుందన్నట్టు మాట్లాడుతుంది.

"గెడ్డ అవతల దోనెలవలసలో తట్టు లేచింది సుక్రీ. ఒక పాపని పోగొట్టుకున్నారు."

సుక్రి పిల్లని తీసుకుని కొంగులో కప్పేసుకుంది. ఆ సాయంత్రం ఇంకేమీ ఎగతాళి చెయ్యలేదు. ఊళ్ళో తట్టు టీకా పడాల్సిన పిల్లలు ఇంటికొకరు చొప్పున ఉన్నారు. అందరికంటే ముందు వరసలో బుద్రి ఉంది.

కిందికి దిగాక మాణిక్యం, పైడయ్య కలిసి సంతబజారులో బ్యాటరీలు బాగుచేసే దావూదు దగ్గరికి వెళ్ళారు. దావూదు బీడీ చెవి మీద పెట్టుకుని, సంగతంతా విని, రెండో బ్యాటరీ పెట్టించమన్నాడు.

"ఒకే ఇంట్లో ఇద్దరు కోడళ్ళంటే పొసగుతుందా బాబూ?" అన్నాడు పైడయ్య అనుమానంగా. అతని ఇంట్లో ఇద్దరు కోడళ్ళున్నారు.

"పొసగదు. అందుకే మధ్యలో ఈ డబ్బా," అన్నాడు దావూదు అరచేతంత డబ్బా ఒకటి చూపించి. "ఇంజన్ తిరిగినంతసేపూ ఇద్దరికీ వడ్డిస్తుంది. ఇంజన్ ఆగిందా, మధ్య తలుపు వేసేస్తుంది. ఇక ఫ్రిజ్ ఎంత తాగినా చిన్న కోడలి కుండలోదే. పెద్ద కోడలి కుండ ముట్టదు. సాయంత్రం తాళం తిప్పగానే పెద్ద కోడలు లేచి బండి లాగుతుంది."

"మా ఇంటికి కూడా పనికొచ్చేలా ఉంది ఆ డబ్బా," అన్నాడు పైడయ్య.

సంస్థ స్టోరులో అడిగితే పెద్ద బ్యాటరీ ఒకటి ఇచ్చారు. స్టోరు అతను మంచివాడు. బ్యాటరీ అడిగితే బ్యాటరీ ఇచ్చాడు, ఎందుకని అడగలేదు. దావూదు వచ్చి సంస్థ ఆవరణలోనే బానెట్టు కింద చోటు చేసి, పట్టీ వేసి బిగించి, లావాటి తీగలు లాగి, డబ్బా తగిలించాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంజన్ ఆపి ఫ్రిజ్ నడిపారు. మందు పెట్టే అరలో చెయ్యి పెడితే వేళ్ళు జివ్వుమన్నాయి. పైడయ్య తాళం తిప్పాడు. బండి ఒక్క పిలుపుకే పలికింది. అతను ఆపి, ఊరికే సంతోషానికి మళ్ళీ స్టార్టు చేశాడు.

ఆ చప్పుడుకే మేడ మీద కిటికీ తెరుచుకుంది. వాహనాల అధికారి విశ్వపతి గారు కిందికి దిగి వచ్చారు.

"ఇది ఏమిటి?" అన్నారు బానెట్టు లోపలికి వేలు చూపించి.

"బ్యాటరీ అండి."

"అది?"

"అదీ బ్యాటరీయే అండి."

విశ్వపతి గారు కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. అప్పటికీ రెండే ఉన్నాయి.

"సిస్టర్ గారూ, మన వాహన నియమావళిలో మొట్టమొదటి నియమం ఏమిటి? ప్రతి వాహనమునకు ఒక బ్యాటరీ ఉండవలెను. ఔనా?"

"ఔనండి."

"ఇచ్చట రెండు బ్యాటరీలు ఉన్నవి. కావున వాహనములు ఎన్ని?"

"ఒకటేనండి."

"కంటితో చూసి చెప్పకండి. నియమం ప్రకారం చెప్పండి."

మాణిక్యం బానెట్టు లోపలికి మరోసారి చూసింది.

"రెండు," అన్నారు విశ్వపతి గారు. "ఒకటి కనబడుచున్నది. రెండవది కనబడుట లేదు. కనబడని వాహనమును ఏమందురు?"

"లేని బండి అంటారండి," అన్నాడు పైడయ్య.

"పోయిన వాహనము అందురు."

మాణిక్యం తట్టు సంగతి చెప్పింది. దోనెలవలస పాప సంగతి చెప్పింది. రేపే కొండకి వెళ్ళాలంది. విశ్వపతి గారు శ్రద్ధగా విన్నారు. ఆయన కఠినుడు కాదు. చిన్నపిల్లల మాట వస్తే గొంతు కూడా తగ్గించి మాట్లాడతారు.

"టీకాలు వచ్చే వారం కూడా ఉండును సిస్టర్ గారూ. పోయిన వాహనము మాత్రము రోజురోజుకూ దూరమైపోవును."

రెండో బ్యాటరీ తీగలు విప్పించి, దాని మీద లక్క కరిగించి ముద్ర వేశారు. మర్నాడు పైడయ్యని విచారణకి పిలిచారు. బల్ల అవతల విశ్వపతి గారు, ఆయనకి అటొకరు ఇటొకరు సభ్యులు కూర్చున్నారు.

"సదరు వాహనము ఏ రంగు?"

"తెలీదు బాబూ. నేను దాన్ని చూళ్ళేదు."

"ఎప్పటి నుండి చూడలేదు?"

పైడయ్యకి అబద్ధం చెప్పే అలవాటు లేదు.

"పుట్టిన కాడ నుంచి చూళ్ళేదు బాబూ."

"అనగా చాలా కాలముగా కనబడుట లేదు," అన్నారు విశ్వపతి గారు సభ్యుల వైపు తిరిగి. సభ్యులు విచారంగా తలలూపారు. ఇంతకాలంగా ఒక బండి కనబడకపోతే సంస్థలో ఒక్కరూ అడగలేదా అని ఇద్దరిలో పెద్దాయన బాధపడ్డారు కూడా.

ఆ వారం బండితోపాటు విచారణ సంఘం కూడా కొండెక్కింది. పోయిన వాహనం చివరిసారిగా ఎక్కడికి వెళ్ళి ఉంటుందో తెలుసుకోవాలి కదా. విచారణ పూర్తయ్యేదాకా బండిలో ఏ వస్తువూ తెరవకూడదని ఫ్రిజ్ మూతకి కూడా లక్క ముద్ర వేశారు. టీకా మందు లోపల ఉంది. పిల్లలు బయట ఉన్నారు. వాంగ్మూలాల కోసం పోడు మీదనుంచి అందరినీ పొద్దున్నే దింపేశారు. తల్లులందరూ పిల్లల్ని ఎత్తుకుని బండి చుట్టూ కూర్చున్నారు. ఆ ఊళ్ళో అలా అందరు పిల్లలూ పొద్దున్నే ఒక చోట చేరడం మాణిక్యం ఉద్యోగంలో చేరాక అదే మొదటిసారి. ఆమె సూదుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని లక్క ముద్ర వైపు చూస్తూ కూర్చుంది.

"మీ గ్రామమునకు వారమునకు ఎన్ని వాహనములు వచ్చును?" అని అడిగారు విశ్వపతి గారు సుక్రిని.

"ఒకటే వొస్తాది. తోసేటప్పుడు మాత్రం రెండు బళ్ళంత బరువుంటాది."

"రెండు బళ్ళ బరువు," అన్నారు విశ్వపతి గారు. సభ్యులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అది విచారణలో దొరికిన మొదటి ఆధారం.

"మరి ఆ రెండవది ఎక్కడికి పోయినది?"

"నాకేటి తెలుసు బాబూ. మా మేకే పోతే రెండు రోజులెతికి వొదిలేశాం. నీకు బండి పోతే మా పిల్లలకి సూదెందుకు మానీసినావు?"

"ప్రశ్నలు సంఘము మాత్రమే అడుగును," అన్నారు ఎడమవైపు సభ్యులు.

సాయంత్రానికి మూత తియ్యని ఫ్రిజ్ ఎప్పటిలాగే బ్యాటరీని తాగేసి తానూ ఆగిపోయింది. డప్పు మోగింది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళ చెయ్యి మొదట పడాలి. ఆచారం ఆచారమే. విశ్వపతి గారు తాము పర్యవేక్షిస్తామన్నారు గానీ, ఆ మాటకి జీలుగుపుట్టులో అర్థం ఎవరికీ తెలియదు. ముగ్గురినీ వెనక వరసలో నిలబెట్టారు. విశ్వపతి గారు బూట్లతో నేల తన్ని మరీ తోశారు. బండి కదిలింది.

"పంతులు కాలు గట్టిదే. పిల్లనివ్వొచ్చు," అంది ఒక ముసలమ్మ.

కొండ దిగాక ముద్ర తీయించి మాణిక్యం పాడైన మందుని వేరు చేసి పక్కన పెట్టింది. అప్పుడే కబురు తెలిసింది, తట్టు గెడ్డ దాటి ఇవతలికి వచ్చిందని.

పోయిన వాహనం మూడో రోజున దొరికింది. సంస్థ పెరట్లో ఎప్పుడో మూలన పడేసిన జీపు ఒకటి ఉంది. దాని మీద కాపలా అతను దొండపాదు పాకించుకున్నాడు. తీగలు తప్పించి చూస్తే జీపుకి బ్యాటరీ లేదు.

"చూచితిరా," అన్నారు విశ్వపతి గారు. "బ్యాటరీ లేని వాహనము ఇచ్చట. వాహనము లేని బ్యాటరీ అచ్చట. ఇంతకాలము ఒకదానికై ఒకటి ఎదురుచూచుచున్నవి."

"దీనికి ఇంజన్ కూడా లేదు బాబూ," అన్నాడు పైడయ్య.

"నియమావళిలో ఇంజన్ ప్రస్తావన లేదు."

జీపుకి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, రెండో బ్యాటరీని తెచ్చి అందులో కూర్చోబెట్టారు. దొండకాయలు కాపలా అతనే కోసుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టాక మాణిక్యం ముందుకి వచ్చింది.

"అయ్యా, ఆ బ్యాటరీ మాకు కొండ మీద కావాలండి. ఫ్రిజ్‌కి."

"బ్యాటరీ తన వాహనమును విడువరాదు."

"పోనీ, ఆ జీపులో ఉండగానే తీగ లాగి మా ఫ్రిజ్‌కి తగిలించుకోవచ్చా అండి?"

విశ్వపతి గారు సభ్యులతో మాట్లాడారు. ఒక వాహనం మరొక వాహనానికి సహకరించడం మీద అభ్యంతరం ఏమీ కనబడలేదు. పైగా అది సంస్థ ఆశయాలకు అనుగుణంగా కూడా ఉంది. "కాని సహకరించు వాహనము సహకార స్థలమునకు స్వయముగా హాజరు కావలెను," అన్నారు.

"అలాగేనండి. తాడు కట్టి లాక్కెళతాం."

"కొండదారిలో ఒక వాహనమును మరొక వాహనము లాగరాదు. అది ప్రమాదము."

మాణిక్యం కాసేపు నిలబడింది. ఆమె ఆలోచిస్తున్నట్టు ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే ఎప్పుడూ అలాగే ఉంటుంది.

"తొయ్యకూడదని ఉందా అండి?"

విశ్వపతి గారు నియమాలన్నీ మనసులో తిరగేసుకున్నారు. ఆయన నిజాయితీపరుడు. "లాగరాదు అని మాత్రమే ఉన్నది," అన్నారు.

అరిగిపోయిన టైర్లు ఏవో నాలుగు బిగించి, జీపుని కొండ మొదలు దాకా తాడు కట్టి తెచ్చారు. పైడయ్య ముందు రోజే కబురు పంపాడు. ఊరు ఊరంతా పొద్దు పొడవకముందే కొండ మొదట్లో ఉంది. పోడుకి ఎవరూ పోలేదు. సుక్రి జీపు చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో రేకు మీద కొట్టి చూసింది.

"ఇన్నాళ్ళూ దిగుడుకి తోయించినావు సిస్టరమ్మా. ఇప్పుడు ఎక్కుడుకా? వొచ్చే ఏడు కొండనే తొయ్యమంటావేటి?"

"తట్టు ఇవతలికి వచ్చింది సుక్రీ."

"తెలుసు," అంది సుక్రి. బుద్రిని మాణిక్యం చేతికిచ్చి చీర చెంగు నడుముకి బిగించింది. "ఇంజనుందా దీనికి?"

"లేదు."

"మంచి బండి."

ఇంజన్ లేకపోవడం నిజంగానే ఆ జీపులోకెల్లా పెద్ద సుగుణం. డప్పులు ముందు నడిచాయి. మగవాళ్ళు వెనక నుంచి, ఆడవాళ్ళు పక్కల నుంచి తోశారు. పెద్దపిల్లలు రాళ్ళు పట్టుకుని వెంట నడుస్తూ, జీపు ఆగినప్పుడల్లా చక్రం వెనక రాయి పెట్టారు. గెడ్డ దగ్గర తోయడానికి నీళ్ళలో కాలు నిలవలేదు. అప్పుడు ఎత్తేశారు. ఎత్తకూడదని కూడా నియమం లేదని, బండిని పైన ఆపి ఎదురొచ్చిన పైడయ్య అన్నాడు. ముందు వెళ్ళిన మందుల బండి కొండ మీద ఆగి వీళ్ళ కోసం చూస్తూ ఉంది. వీళ్ళు పైకి చేరేసరికి ఫ్రిజ్ ఇంకా చల్లగానే ఉంది.

జీపుని బండి పక్కన పెట్టి, దాని బ్యాటరీ నుంచి ఫ్రిజ్‌కి తీగ లాగారు. ఇప్పుడు అందరూ ఊళ్ళోనే ఉన్నారు కాబట్టి నిజానికి సాయంత్రం దాకా ఆగక్కర్లేదు. అయినా తీగ లాగారు. అంత దూరం తోసుకొచ్చాక బ్యాటరీని ఖాళీగా కూర్చోబెట్టడానికి ఎవరికీ మనసు రాలేదు.

మొదటి సూది బుద్రికే. పిల్ల ముందు సూది వైపు ముద్దుగా చూసి, తరవాత కొండ ప్రతిధ్వనించేలా ఏడ్చింది. ఆ ఏడుపు విని మిగిలిన పిల్లలందరూ సూది పడకుండానే అందుకున్నారు. సుక్రి మాత్రం నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటూ. ఎగువ గుడిసెల వాళ్ళు కూడా పిల్లల్ని తీసుకుని సాయంత్రం దాకా వస్తూనే ఉన్నారు. ఆఖరి పిల్లకి వేసేటప్పటికి కూడా మందు చల్లగానే ఉంది.

చీకటి పడబోతుండగా పైడయ్య తాళం తిప్పాడు. బండి ఒక్క పిలుపుకే పలికింది. డప్పులవాళ్ళు ఎత్తిన కర్రలు ఎత్తినట్టే ఉండిపోయారు. తోయడానికి వంతు ఉన్న ఇళ్ళవాళ్ళు, పిలిచి పీట వెయ్యని చుట్టాల్లా నిలబడ్డారు. చూసి చూసి వాళ్ళలో ఒకాయన బండి మీద ఊరికే చెయ్యి వేసి కాస్త దూరం నడిచాడు.

జీపుని మళ్ళీ దించుతారా అని పైడయ్య అడిగితే సుక్రి, "పండగెల్లాక చూద్దాం," అంది. ఏ పండగో చెప్పలేదు. బ్యాటరీ మాత్రం ప్రయాణ సౌకర్యం కోసం మందుల బండిలో, దావూదు చేసిన చోటులోనే ఎక్కి కూర్చుంది. జీపులో కోళ్ళు కాపురం పెట్టాయి. తట్టు కొండ మలుపు దాకా వచ్చింది. జీలుగుపుట్టులో ఒక్క పిల్ల ఒంటి మీద కూడా పొక్కు లేవలేదు.

కొన్నాళ్ళకి సంస్థ నుంచి ఉత్తర్వు వచ్చింది. జీలుగుపుట్టులో నిలిపి ఉంచిన జీపులో బ్యాటరీ లేదన్న సంగతి విశ్వపతి గారి దృష్టికి వచ్చింది. ప్రతి వాహనానికీ ఒక బ్యాటరీ ఉండవలెను. ఆయన ఆ రాత్రి సరిగా నిద్రపోలేదని ఊళ్ళోవాళ్ళు విన్నారు. వెంటనే కొత్త బ్యాటరీ ఒకటి పంపించారు. దానితోపాటు దానికి సంబంధించిన హెచ్చరిక కూడా పంపారు, ఈ బ్యాటరీని జీపులోంచి తియ్యకూడదని.

ఎవరూ తియ్యలేదు. జీపులోనే ఉంచి, దాని నుంచి తీగ లాగి, పక్క గుడిసె చూరుకి ఒక బల్బు కట్టారు. తరవాత ఆ పక్క గుడిసెకి ఇంకొకటి. ఒక వాహనం గుడిసెతో సహకరించకూడదని ఎక్కడా లేదు. వారం వారం మందుల బండి వచ్చి ఇంజన్ తిప్పి దానికి కాస్త కరెంటు పట్టించి పోతుంది. కరెంటు స్తంభం లేని ఆ ఊళ్ళో ఇప్పుడు చీకటి పడ్డాక బుద్రి బల్బుని చూసి చప్పట్లు కొడుతుంది.

ఆ వెలుగు కొండల అవతలికి కూడా కనబడుతుందట. ఒక వారం మాణిక్యం సూదులు సర్దుకుంటుంటే ఎగువపుట్టు నుంచి ఒక పెద్దాయన వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కనే సుక్రి ఉంది, ఏమీ ఎరగనట్టు.

"తల్లీ, మా ఊళ్ళో కూడా ఒక బండి పోయింది. పెద్ద పంతులుకి కాస్త చెప్పాలి," అన్నాడాయన.

మాణిక్యం సూదుల పెట్టె మూసి, ఎప్పటిలాగే నెమ్మదిగా అడిగింది.

"ఏ రంగు తాతా?"

పెద్దాయన సుక్రి వైపు చూశాడు. సుక్రి ఆకాశం వైపు చూసింది.

"ఏటో తల్లీ," అన్నాడు పెద్దాయన. "పుట్టిన కాడ నుంచి చూళ్ళేదు."